నింటెండో వీలో ఆర్కేడ్ తుపాకీ ఆటలు: గురి తప్పితే ముందు చూడాల్సింది మాడ్‌ని కాదు

అడిగిన సంగతి ఇది: పాత నింటెండో వీ (Wii) గేమ్ కన్సోల్, డిస్క్ డ్రైవ్ సరిగా చదవడం లేదు, అందుకని సాఫ్ట్‌మాడ్ చేసి (కన్సోల్ విప్పకుండా సాఫ్ట్‌వేర్‌తోనే మార్చి) హార్డ్ డిస్క్ నుంచి ఆర్కేడ్ తుపాకీ ఆటలు నడుపుతున్నారు. టీవీ 55 అంగుళాలది. కర్సర్ వణుకుతోంది, అంచులకు వెళ్లేసరికి మాయమవుతోంది, ట్రిగ్గర్ నొక్కాక తూటా కాస్త ఆగి పేలుతోంది. మాడ్ సరిగా పడలేదేమో, మళ్లీ మొదటి నుంచి చేయాలా?

మళ్లీ చేయొద్దు. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో ఒక్కటీ మాడ్ వల్ల వచ్చేది కాదు. హార్డ్ డిస్క్ నుంచి ఆటను నడిపే ప్రోగ్రాం, అంటే యూఎస్‌బీ లోడర్, మార్చేది ఆట డేటా ఎక్కడి నుంచి రావాలన్న దారిని మాత్రమే. రిమోట్ పంపిన అంకెల్ని తీసుకుని కర్సర్ ఎక్కడ పెట్టాలో లెక్క కట్టే కోడ్ ఆటలోనే ఉంటుంది. డిస్క్ నుంచి నడిపినా, హార్డ్ డిస్క్ నుంచి నడిపినా అది మారదు.

దీన్ని నిమిషంలో తేల్చుకోవచ్చు. ఆట నుంచి బయటికొచ్చి వీ మెయిన్ మెనూలో రిమోట్ తిప్పి చూడండి. అక్కడా కర్సర్ వణికితే, మాయమైతే తప్పు ఇన్‌ఫ్రారెడ్‌లో (కంటికి కనబడని వెలుతురులో) ఉంది: సెన్సర్ బార్ (టీవీ పైనో కిందో పెట్టే సన్నని పట్టీ), దూరం, గదిలో వెలుతురు, లేదా రిమోట్. మెనూలో నున్నగా కదిలి ఒక్క ఆటలోనే తేడా వస్తే ఆ ఆట సెట్టింగుల్లో ఉంది. రెండు చోట్లా కదలిక నున్నగానే ఉన్నా ఆలస్యంగా స్పందిస్తుంటే టీవీలో ఉంది. ఈ మూడింటినీ కలిపి చూడటం వల్లే చాలామంది పనికొచ్చే కన్సోల్‌ని పదేపదే ఫార్మాట్ చేస్తుంటారు.

రిమోట్ ఏం చూస్తుంది

పేరు సెన్సర్ బార్ అయినా అందులో సెన్సర్ ఏమీ లేదు. రెండు చివర్లా అయిదేసి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉంటాయి, అంతే. కెమెరా ఉన్నది రిమోట్ ముందు భాగంలోని నల్లటి ప్లాస్టిక్ వెనక. అది ఫోటో తీయదు. తనకు కనిపించిన ప్రకాశమైన చుక్కల్లో గరిష్ఠంగా నాలుగింటి స్థానాల్ని 1024 అడ్డం, 768 నిలువు గడుల లెక్కలో, సెకనుకు దాదాపు 100 సార్లు బ్లూటూత్ మీద పంపుతుంది. ఆట ఆ చుక్కల్లోంచి రెండింటిని తీసుకుని, వాటి మధ్య బిందువును బట్టి కర్సర్ పెడుతుంది. రెండు చుక్కల ఎడాన్ని బట్టి దూరం, వాటిని కలిపే గీత వాలును బట్టి చేతి వంపు తెలుసుకుంటుంది. చుక్కల ఎడం సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుందన్న అంచనా మీదే ఈ లెక్కలు నడుస్తాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండు. ఆ కెమెరా చూపు అడ్డంగా సుమారు 33 డిగ్రీలు, నిలువుగా సుమారు 23 డిగ్రీలు. చాలా ఇరుకు. మీ అంచుల సమస్య మొత్తం ఇందులోనే ఉంది.

తుపాకీని, అంటే రిమోట్ పెట్టిన తుపాకీ తొడుగుని, తెర కుడి అంచుకు తిప్పినప్పుడు కూడా బార్ మీది రెండు చుక్కలూ కెమెరా చూపులో ఉండాలి. 2 మీటర్ల దూరం నుంచి 20 సెంటీమీటర్ల బార్ దాదాపు 6 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అంటే మధ్య నుంచి ఒక్కో వైపుకి తిరగడానికి మిగిలేది 13 డిగ్రీల పైచిలుకు. 2 మీటర్ల దగ్గర దీనికి అందే వెడల్పు 97 సెంటీమీటర్లు. 43 అంగుళాల టీవీకి ఇది కచ్చితంగా సరిపోతుంది. మీ 55 అంగుళాల టీవీ వెడల్పు 122 సెంటీమీటర్లు, అక్కడి నుంచి అందదు. కనీసం రెండున్నర మీటర్లు వెనక్కి జరగాలి. గుర్తుకి ఇలా పెట్టుకోండి: తెర వెడల్పుకు రెండింతలు, పైన ఇంకొంచెం. 32 అంగుళాలకు 1.6 మీటర్లు, 43కి 2, 55కి 2.5. దీనికంటే దగ్గరైతే అంచుల్లో ఒక చుక్క చూపు దాటిపోతుంది. మిగిలిన ఒక్క చుక్కతో ఆట కాసేపు అంచనా మీద నడిపి, తర్వాత కర్సర్‌ని తీసేస్తుంది. చాలా తుపాకీ ఆటల్లో తెర బయటికి గురిపెట్టడమంటే రీలోడ్ కాబట్టి, అంచున ఉన్న శత్రువుని కాల్చబోతే తుపాకీ రీలోడ్ అవుతుంది. దీన్ని ట్రిగ్గర్ లోపం అనుకుని రిమోట్ విప్పేవాళ్లున్నారు, విప్పకండి.

నిలువు లెక్క ఇంకా కఠినం. బార్ టీవీ పైనో కిందో ఉంటుంది గానీ మధ్యలో ఉండదు కదా. పైన పెట్టి తెర కింది అంచుకి నిజంగా గురిపెడితే, 55 అంగుళాల తెర ఎత్తు 68 సెంటీమీటర్లు కాబట్టి రెండున్నర మీటర్ల నుంచి తుపాకీ 15 డిగ్రీలు కిందికి వంగాలి. కెమెరాకి మధ్య నుంచి ఒక వైపు ఉన్నది పదకొండున్నర డిగ్రీలే. బార్ కనబడదు. తుపాకీ సరిగ్గా చూసిన చోటే తూటా తగలాలంటే ఆ టీవీకి దాదాపు 3.4 మీటర్ల దూరం కావాలి. అంత దూరం లేని గదిలో ఆట కర్సర్‌ని కొంత ముందుకు తోస్తుంది: మీరు తెర కింది అంచుకి పూర్తిగా వంచకముందే కర్సర్ అక్కడికి చేరుతుంది. తుపాకీ కొన ఒక చోట, కర్సర్ మరో చోట కనబడేది ఇందుకే. ఇది చెడిపోవడం కాదు, వీ పని తీరే అంత.

దీనికి మందు, కాలిబ్రేషన్ (గురిని తెరకి సరిపెట్టుకోవడం) ఉన్న ఆటల్లో దాన్ని వాడుకోవడం. ఘోస్ట్ స్క్వాడ్‌లో ఆ సదుపాయం ఉంది. మీరు నిజంగా నిలబడబోయే చోట నిలబడి, తుపాకీని ఆడేటప్పుడు పట్టుకునే ఎత్తులోనే పట్టుకుని కాలిబ్రేట్ చేయండి. కూర్చుని కాలిబ్రేట్ చేసి నిలబడి ఆడితే అది వృథా. అడుగు ముందుకో వెనక్కో జరిగినా తేడా వస్తుంది. రెండు చుక్కలతో తెర మూలలు నాలుగూ ఎక్కడున్నాయో తెలియదు కనుక మీరు జరిగారని ఆటకి పూర్తిగా అర్థం కాదు. నేల మీద టేపు ముక్క అంటించి అక్కడే నిలబడటం అతి తేలికైన, అతి పనికొచ్చే పద్ధతి.

పైనా కిందా రెండు బార్లు పెడితే నాలుగు చుక్కలొస్తాయి కదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కంప్యూటర్ కోసం తయారైన నాలుగు చుక్కల తుపాకీ పద్ధతుల్లో అది నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటి సాఫ్ట్‌వేర్ నాలుగింటి కోసమే రాసింది. వీ ఆటలు రెండింటి కోసం రాసినవి. నాలుగు కనబడితే ఏ రెండు తీసుకోవాలో తేల్చుకోలేక కర్సర్ పై బార్ నుంచి కింది బార్‌కి దూకుతుంటుంది. ఒక్క బార్‌తోనే ఉండండి.

వణుకు

వణుకుకి మొదటి కారణం మూడో చుక్క. ఎండ పడే కిటికీ, ఫిలమెంట్ బల్బు, హాలోజన్ దీపం, దీపారాధన వెలుగు, కొవ్వొత్తి, టీవీ కింద మెరిసే గాజు బల్ల మీద బార్ ప్రతిబింబం, ఇవన్నీ రిమోట్‌కి చుక్కలే. ప్లాస్మా టీవీ అయితే తెర నుంచే కొంత ఇన్‌ఫ్రారెడ్ వస్తుంది. మామూలు ఎల్‌ఈడీ బల్బులతో మాత్రం ఇబ్బంది దాదాపు ఉండదు.

చూడటం తేలికే. వీ సెట్టింగ్స్‌లో సెన్సర్ బార్, అందులో సెన్సిటివిటీ తెరవండి. రిమోట్‌కి ఏం కనబడుతోందో అక్కడ తెర మీద చుక్కలుగా వస్తుంది. రెండే చుక్కలు, నిలకడగా ఉండాలి. మూడోది మెరిస్తే గదిలో ఒక్కో వెలుతురు ఆర్పుతూ, ఒక్కో పరదా వేస్తూ పోండి, ఏది ఆర్పితే పోయిందో అదే దొంగ. ప్రతిబింబమైతే బల్ల మీద గుడ్డ పరిస్తే చాలు. సెన్సిటివిటీ 1 నుంచి 5 వరకు ఉంటుంది. ఎక్కువ పెడితే మంచిదనుకోవద్దు. రెండు చుక్కలూ తెగకుండా కనబడే అతి తక్కువ అంకె సరైనది. దూరంగా నిలబడాల్సి వచ్చి చుక్కలు మిణుకుమంటే అప్పుడు పెంచండి. అయిదులో పెట్టినా మిణుకుమంటే బార్ బలహీనం.

రెండో కారణం దూరమే. మీటరు దూరంలో రెండు చుక్కల ఎడం కెమెరా లెక్కలో 350 గడులు వస్తుంది, 3 మీటర్లకి 118కి పడిపోతుంది. చుక్కలు కూడా చిన్నవై మసకబారతాయి. అందుకే దూరం పెంచితే అంచులు బాగుపడతాయి గానీ నిలకడ తగ్గుతుంది. 2.5 మీటర్ల మీద ఆడాలంటే బార్ ప్రకాశంగా ఉండటం తప్పనిసరి. పాత బార్లలో ఒక చివర ఎల్‌ఈడీలు రెండు మూడు పోయి ఉండటం మామూలే, కంటికి అది తెలియదు. ఫోన్ కెమెరాలో చూడండి, ఊదా రంగు మెరుపుగా కనబడతాయి. వెనక కెమెరాలో కనబడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి, చాలా ఫోన్లలో దానికి ఇన్‌ఫ్రారెడ్ వడపోత తక్కువ.

సొంతంగా బార్ కట్టుకోవడం

టంకం పట్టడం వచ్చినవాళ్లకి ఇది గంట పని. కావాల్సినవి: 940 నానోమీటర్ల 5 మిల్లీమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు 6, పావు వాట్ 22 ఓమ్‌ల రెసిస్టర్లు 2, పనికిరాని యూఎస్‌బీ కేబుల్ ఒకటి, 25 సెంటీమీటర్ల చెక్క పట్టీ లేదా ప్లాస్టిక్ ట్రంకింగ్ ముక్క. 850 నానోమీటర్లవీ పనిచేస్తాయి గానీ రిమోట్ 940 వాటినే ఎక్కువ ప్రకాశంగా చూస్తుంది, పైగా 850వి చీకట్లో ఎర్రగా మెరుస్తాయి.

ఒక్కో చివర మూడు ఎల్‌ఈడీల్ని వరసగా, అంటే సిరీస్‌లో, కలిపి దానికి ఒక 22 ఓమ్‌ల రెసిస్టర్ చేర్చండి. ఒక్కో ఎల్‌ఈడీ మీద 1.3 వోల్టుల వరకు పోతుంది, మూడింటికీ 3.9. అయిదు వోల్టుల్లో మిగిలిన 1.1 వోల్టు రెసిస్టర్ మీద పడి 50 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. ఇలాంటి రెండు వరసల్ని యూఎస్‌బీ ఎర్ర తీగ, నల్ల తీగల మధ్య సమాంతరంగా కలపాలి. పొడవు కాలు ఎర్ర తీగ వైపుకి. ఒక్క ఎల్‌ఈడీ తిరగబడినా ఆ చివర మొత్తం వెలగదు. ఆరింటినీ ఒకే వరసలో కలపడానికి అయిదు వోల్టులు చాలవు, అలా కట్టి వెలగడం లేదని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

రెండు గుంపుల మధ్యల ఎడం 20 సెంటీమీటర్లు. ఇంకా ఎడంగా పెడితే మీరు దగ్గరగా ఉన్నారని ఆట అనుకుంటుంది, అంచుల్లో చుక్క ఇంకా ముందే జారిపోతుంది. ఒక్కో గుంపులో నడిమి ఎల్‌ఈడీ తిన్నగా ముందుకి, మిగిలిన రెండింటినీ చెరో పక్కకి 15 డిగ్రీల దాకా వంచండి. సన్నని కాంతి పుంజం ఉన్న ఎల్‌ఈడీలు కొని అన్నింటినీ తిన్నగా పెడితే మధ్యలో నిలబడ్డవారికి బాగా పనిచేసి, పక్కన నిలబడ్డ రెండో ఆటగాడికి చుక్కలు మిణుకుమంటాయి. మొత్తం వాడకం 100 మిల్లీ ఆంపియర్లే, టీవీ యూఎస్‌బీ పోర్ట్ చాలు. పవర్ బ్యాంక్‌కి పెట్టొద్దు. ఇంత తక్కువ కరెంటుని చాలా పవర్ బ్యాంకులు లెక్కలోకి తీసుకోక కాసేపటికి ఆగిపోతాయి, ఆట మధ్యలో కర్సర్ మాయమవుతుంది.

ఆలస్యం

తూటా ఆగి పేలడానికి కారణం దాదాపు ఎప్పుడూ టీవీయే. వీతో వచ్చిన పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్ 480ఐ ఇంటర్‌లేస్ బొమ్మనే (ఒకసారి సగం గీతలు, మరోసారి మిగతా సగం వచ్చేది) ఇస్తుంది. అమెరికా, జపాన్ వీలకు ఇదే, యూరప్ వీ 50 హెర్ట్జ్‌లో ఉంటే 576ఐ. ఆ సగం సగం గీతల్ని కలిపి పూర్తి బొమ్మ చేయడానికి, తర్వాత దాన్ని పెద్ద తెరకి సాగదీయడానికి ఎల్‌సీడీ టీవీ కొన్ని ఫ్రేములు తినేస్తుంది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. నాలుగైదు ఫ్రేములు పోతే పరిగెత్తే శత్రువుని కొట్టడం కష్టమైపోతుంది.

చేయాల్సింది: కాంపోనెంట్ కేబుల్ లేదా హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెట్టి, వీ సెట్టింగ్స్‌లో స్క్రీన్, టీవీ రిజల్యూషన్‌కి వెళ్లి 480పీ (గీతలన్నీ ఒకేసారి వచ్చేది) ఎంచుకోండి. కేబుల్ మార్చకముందు ఆ ఎంపిక కనబడదు. కేబుల్ మార్చి ఈ సెట్టింగ్ మరిచిపోతే ఇంటర్‌లేస్ బొమ్మే వస్తుంటుంది, ఇది చాలా ఎక్కువగా జరిగే పొరపాటు. తర్వాత టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. యూరప్ వీ అయితే 60 హెర్ట్జ్‌కి మార్చండి.

టీవీలో ఓవర్‌స్కాన్ కూడా ఆపేయండి. బ్రాండ్‌ని బట్టి జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ అని రకరకాల పేర్లుంటాయి. అది బొమ్మ అంచుల్ని కోసి మిగిలినదాన్ని సాగదీస్తుంది, దాంతో ఆట అనుకునే తెర కొలత, మీరు చూసే కొలత వేరవుతాయి. తెర మధ్యలో గురి సరిపోయి అంచులకు పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే అనుమానించాల్సింది దీన్నే. వీలో 16:9 పెట్టి టీవీలో 4:3 ఉన్నా, దానికి తలకిందులుగా ఉన్నా అడ్డంగా ఇదే తేడా వస్తుంది.

ఆలస్యం ఎంతో కొలవాలంటే ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియోలో ట్రిగ్గర్ మీది వేలు, తెర రెండూ పడేలా తీయండి. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కిన ఫ్రేము నుంచి తెర మీద మెరుపు కనబడే ఫ్రేము దాకా లెక్కపెట్టి 4.2తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. గేమ్ మోడ్ పెట్టక ముందు, పెట్టాక రెండుసార్లు కొలిస్తే మార్పు ఎంతో కళ్లకు కడుతుంది.

మాడ్ విషయానికి వస్తే

మీది పనిచేస్తోంది కాబట్టి మళ్లీ చేయనక్కర్లేదన్నాను. కానీ వరస సరిగా జరిగిందో లేదో చూసుకోండి, ముఖ్యంగా నాండ్ బ్యాకప్ (కన్సోల్ లోపలి మెమరీకి పూర్తి నకలు).

సిస్టమ్ మెనూ 4.3 ఉన్న వీకి లెటర్‌బాంబ్ (మెసేజ్ బోర్డ్‌లోని ఉత్తరం ద్వారా మాడ్‌ని లోపలికి పంపే పద్ధతి) దారి సుళువు. కన్సోల్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), రీజియన్ ఇచ్చి ఫైళ్లు తెచ్చుకుని, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన ఎస్‌డీ కార్డులో మరే ఫోల్డర్ లోపలా కాకుండా నేరుగా పెట్టి, వీ మెసేజ్ బోర్డ్ తెరిస్తే ఎర్రటి ఉత్తరం కనబడుతుంది. కనబడకపోతే ముందు రోజు, ఆ ముందు రోజు పేజీలు చూడండి, కన్సోల్ తేదీ సరిగా ఉందో లేదో చూడండి. దాంతో హ్యాక్‌మీ ఇన్‌స్టాలర్ తెరుచుకుని హోమ్‌బ్రూ ఛానెల్ (బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములు నడిపేది), బూట్‌మీ (లోపలి మెమరీని నకలు తీసేది) వేస్తుంది. తొలి రోజుల వీలలో బూట్‌మీని బూట్2లో (మెయిన్ మెనూ కంటే ముందే నడిచే కోడ్‌లో) వేయవచ్చు, తర్వాతి వాటిలో ఐఓఎస్‌గా (వీ లోపలి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ భాగంగా) మాత్రమే కుదురుతుంది. అవకాశం ఇస్తే బూట్2 ఎంచుకోండి, కన్సోల్ పూర్తిగా పాడైనప్పుడు కూడా అదే ముందు లేస్తుంది. ఎస్‌డీ స్లాట్ లేని వీ మినీకి ఈ దారి పనిచేయదు, దానికి కంప్యూటర్ బ్లూటూత్ ద్వారా చేసే బ్లూబాంబ్ ఉంది.

తర్వాతి పని నాండ్ బ్యాకప్, మరేదీ వేయకముందే. కార్డులో 550 మెగాబైట్ల ఖాళీ ఉండాలి. బూట్‌మీలో వీ రిమోట్ పనిచేయదు. గేమ్‌క్యూబ్ కంట్రోలర్ లేకపోతే కన్సోల్ మీది పవర్ బటన్‌తో జరుపుతూ, రీసెట్ బటన్‌తో ఎంచుకోవాలి. కొన్ని బ్యాడ్ బ్లాకులు (మెమరీలో పాడైన భాగాలు) చూపిస్తే భయపడొద్దు, ఆ చిప్పులు ఫ్యాక్టరీ నుంచే కొన్నింటితో వస్తాయి. వచ్చిన బ్యాకప్ ఫైల్‌ని, కీస్ ఫైల్‌ని రెండింటినీ కంప్యూటర్‌లో దాచండి. అది వేరే వీకి పనికిరాదు, మీదానికి మాత్రం ప్రాణం. మీరు ఇది చేయకపోయి ఉంటే ఇవాళే చేయండి, ఆటలు రేపు ఆడవచ్చు.

ఆ తర్వాత డీ2ఎక్స్ సీఐఓఎస్‌లు (యూఎస్‌బీ నుంచి ఆటలు నడవడానికి మార్చిన ఐఓఎస్‌లు) వేయాలి: బేస్ 56ని 249 స్లాట్‌లో, బేస్ 57ని 250లో, బేస్ 38ని 251లో, రివిజన్ 65535తో. ఎక్కువ ఆటలకు 249 చాలు. ఏదైనా ఆట నల్ల తెర దగ్గర ఆగితే యూఎస్‌బీ లోడర్ జీఎక్స్‌లో ఆ ఒక్క ఆట సెట్టింగుల్లోకి వెళ్లి ముందు వీడియో మోడ్‌ని ఆట డిఫాల్ట్‌కి పెట్టండి. తగ్గకపోతే ఐఓఎస్‌ని 250కి మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. వీ తర్వాతి కన్సోల్ అయిన వీ యూలోని వీ మోడ్‌కి వేరే ప్యాకేజీ ఉంది, ఈ ఫైళ్లు అందులో వేయకండి.

హార్డ్ డిస్క్‌ని ఎంబీఆర్ విభజన పద్ధతిలో, ఫ్యాట్32లో, 32 కిలోబైట్ల క్లస్టర్‌తో ఫార్మాట్ చేయాలి. కన్సోల్ అంచుకు దగ్గరగా ఉన్న యూఎస్‌బీ పోర్ట్‌లోనే పెట్టాలి. చిన్న పోర్టబుల్ డిస్కులు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతాయి, వై కేబుల్‌తో రెండో పోర్ట్ నుంచి కూడా విద్యుత్తు ఇవ్వండి. పెన్ డ్రైవులతో కొన్ని గంటలు బాగా నడిచి హఠాత్తుగా ఆగిపోవడం మామూలు, అందుకని వాటిని సిఫారసు చేయను. దశ మధ్యలో రెండు మూడు సెకన్లు ఆట బిగుసుకుపోయి మళ్లీ కదిలితే డిస్క్ నిద్రలోకి వెళ్లి లేస్తోందన్నమాట. దాని స్పిన్ డౌన్ ఆపాలి, లేదా డిస్క్ మార్చాలి.

ఆటల ఫైళ్లు మీ సొంత డిస్కుల నుంచి తీసుకోండి. మీ డ్రైవ్ మొరాయిస్తోంది కాబట్టి ముందు లెన్స్‌ని ఐసోప్రొపిల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడిచి చూడండి. లేకపోతే డ్రైవ్ బాగున్న, మాడ్ అయిన మరో వీలో, డిస్క్‌ని ఫైల్‌గా తీసే క్లీన్‌రిప్ ప్రోగ్రాంతో తీసి తెచ్చుకోండి. ఒక పొర డిస్క్ 4.7 గిగాబైట్లు వస్తుంది. ఫ్యాట్32లో 4 గిగాబైట్లు మించిన ఫైల్ పట్టదు కాబట్టి క్లీన్‌రిప్ దాన్ని ముక్కలు చేస్తుంది. డబ్ల్యూబీఎఫ్ఎస్ అనే వీ ఆటల ఫైల్ రకానికి మార్చాక ఖాళీ భాగం పోయి చాలా ఆటలు బాగా చిన్నవవుతాయి.

ఏ ఆటతో మొదలుపెట్టాలి

సెటప్ పరీక్షకి గన్‌బ్లేడ్ ఎన్‌వై, ఎల్ఏ మెషీన్‌గన్స్ కలిపి 2010లో వచ్చిన డిస్క్ అన్నింటికంటే మంచిది. ఆర్కేడ్‌లో ఇవి స్టాండుకు బిగించిన మెషీన్ గన్‌తో ఆడినవి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ఊడ్చినట్టు తిప్పుతూ పోవడమే, రీలోడ్ లేదు. అందుకని తెర ఒక మూల నుంచి మరో మూలకి తూటాల వరస తెగకుండా వెళ్తోందో లేదో చూసి మీ దూరం, బార్ ఎత్తు సరిచేసుకోవచ్చు. ఎక్కడ తెగిందో అక్కడే చుక్క పోతోంది.

గురి పరీక్షకి ఘోస్ట్ స్క్వాడ్. 2004 నాటి ఆర్కేడ్ ఆట, 2007లో వీకి వచ్చింది. కాలిబ్రేషన్ అయ్యాక కర్సర్ ఆపేసి తుపాకీ కొన చూసుకుంటూ ఆడటానికి దీన్ని మించింది వీలో లేదని నా అభిప్రాయం. హౌస్ ఆఫ్ ది డెడ్ 2, 3 కలిసి 2008లో వచ్చిన డిస్క్ అంచుల పరీక్ష. శత్రువులు పక్కల నుంచి మీదికొస్తారు, రీలోడ్ తొందర ఉంటుంది, నిలువు లెక్క కుదరని సెటప్‌లో ఇదే అన్నిటికంటే ముందు విసిగిస్తుంది. దాన్ని ఆఖరికి ఉంచుకోండి.

తుపాకీ తొడుగు, రిమోట్

తొడుగు కొనేటప్పుడు చూడాల్సింది అందం కాదు, రిమోట్ అందులో కదలకుండా కూర్చుంటుందా అన్నది. రిమోట్ తొడుగులో ఒక్క డిగ్రీ పక్కకి ఒరిగినా రెండున్నర మీటర్ల దూరంలో గురి 4 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. ఖాళీ ఉంటే పలుచని ఫోమ్ ముక్క అతికించండి. ముందు నల్ల కిటికీకి తొడుగు అంచు కొంచెం కూడా అడ్డు రాకూడదు, వస్తే ఒక వైపు అంచులో మాత్రమే కర్సర్ పోతుంది. ట్రిగ్గర్ నుంచి బీ బటన్‌కి చేరే ప్లాస్టిక్ మీట సాగిపోయి ఉంటే నొక్కిన లోతులో సగం వృథా అవుతుంది. మీట కొన మీద ఒకటి రెండు పొరల టేపు చుడితే సరిపోతుంది.

చవక నకిలీ రిమోట్లలో ముందు పోయేది ఇన్‌ఫ్రారెడ్ కెమెరా నాణ్యతే. బటన్లు, ఊపడం అన్నీ పనిచేసి కర్సర్ ఒక్కటే వణుకుతుంటే అసలు రిమోట్ ఒకటి అడిగి తెచ్చి పోల్చి చూడండి. చివర్లో వచ్చిన టీఆర్ అక్షరాల మోడల్ అసలు రిమోట్లు ఆటల్లో బాగానే ఉంటాయి గానీ పాత హోమ్‌బ్రూ ప్రోగ్రాముల్లో కలవవు. హోమ్‌బ్రూ ఛానెల్, లోడర్ కొత్త వెర్షన్లు వేసుకోండి. బ్యాటరీ బలహీనమైతే వైబ్రేషన్ వచ్చిన క్షణంలోనే రిమోట్ తెగిపోతుంది, ఇది తుపాకీ ఆటల్లో ప్రతి కాల్పుకీ జరుగుతుంది. వైబ్రేషన్ ఆపి చూస్తే తేలిపోతుంది. వైఫై రూటర్ని కన్సోల్‌కి ఆనించి పెట్టకండి, రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే మాట్లాడతాయి.

ఇద్దరు ఆడటానికి రెండో బార్ అక్కర్లేదు, కెమెరాలు రిమోట్లలో ఉన్నాయి కాబట్టి ఒకే బార్‌ని ఎందరైనా చూడవచ్చు. ఇద్దరూ బార్ మధ్య గీతకి అటూ ఇటూ సమానంగా నిలబడండి. ఒకరు బాగా పక్కకి పోతే వారికి చుక్కలు దగ్గరగా, మసకగా కనబడతాయి.

వేరే పాత కన్సోళ్ల గురించి కూడా క్లుప్తంగా: ప్లేస్టేషన్ 2 గన్‌కాన్ తుపాకులు పాత ట్యూబ్ టీవీ గీతలు గీసే సమయాన్ని పట్టుకుని పనిచేస్తాయి, ఎల్‌సీడీ మీద మాడ్ ఎంత బాగా చేసినా అవి గురి పట్టవు. ప్లేస్టేషన్ 3 మూవ్‌లో లెక్క తలకిందులు: కెమెరా టీవీ దగ్గర ఉండి మీ చేతిలోని వెలిగే బంతిని చూస్తుంది, కాబట్టి మీ వెనక కిటికీ వెలుతురు ఉండకూడదు. ఆ కెమెరా లెన్స్ తిప్పితే చూపు 56 లేదా 75 డిగ్రీలకు మారుతుంది, దూరంగా నిలబడేటప్పుడు 56లో ఉంచండి.

ఇప్పుడు మీ గదిలో ఈ వరసలో వెళ్లండి: ముందు 480పీ, గేమ్ మోడ్, ఓవర్‌స్కాన్. తర్వాత సెన్సిటివిటీ తెరలో రెండే చుక్కలు వచ్చేదాకా వెలుతురు సర్దడం. తర్వాత రెండున్నర మీటర్ల దగ్గర నేల మీద టేపు. ఆ తర్వాతే కాలిబ్రేషన్. ఇన్ని చేశాక కూడా ఒకే ఆటలో తేడా ఉంటే ఆ ఆట పేరు, రీజియన్, ఏ స్లాట్‌లో నడుపుతున్నారో, మెనూలో కర్సర్ ఎలా ఉందో రాయండి. ఈ నాలుగూ తెలిస్తేనే ఎవరైనా సరైన దారి చెప్పగలరు.